సున్నం గట్టిపడేదాకా ఆగిన గంట

కెనడాలో, కిచెనర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద లాండ్రీ రూమ్‌లో హారిక అనే అమ్మాయి కలిసింది. నల్గొండ పిల్ల. ఇక్కడ కాలేజీలో పాత రాతి కట్టడాలు రిపేర్ చేసే కోర్సులో చేరిందట. బట్టలు డ్రైయర్‌లో వేస్తూ అడిగింది.

"అంకుల్, మీరు ఈ లైన్‌లోనే రిటైర్ అయ్యారంట కదా. ఇందులో ఇక్కడే ఉండిపోవడానికి PR తొందరగా వస్తదా?"

"వస్తుందమ్మా. నడుం నొప్పి దానికంటే ముందొస్తుంది."

"జోకులొద్దు అంకుల్. మీరు కట్టిన బిల్డింగ్ ఏదన్నా ఉంటే ఫోటో చూపించండి."

"నేనేదీ కట్టలేదు. ఎవరో కట్టి, చచ్చిపోయారు. అవి పడిపోకుండా పట్టుకుని నిలబడటమే నా ఉద్యోగం."

ఆ పిల్ల నవ్వి, "మరి అదే రాయండి, మా బ్యాచ్‌లో తెలుగోళ్ళం అందరం చదువుకుంటాం" అంది. తెలుగు చదవడం వచ్చా అంటే "స్లోగా వస్తది" అంది. స్లోగానే చదవండి. స్లోగా గట్టిపడే వస్తువు గురించే రాస్తున్నా.

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశా. బడి బాధపడినట్టు కనపడలేదు. మాది పిడుగురాళ్ళ పక్క ఊరు, నాన్న సున్నపు బట్టీలో కూలి. నేను తాపీ పట్టుకున్నా. మా ఆవిడ సుగుణ నర్సు. ఆవిడకి కెనడా వీసా వచ్చింది, ఆవిడ లగేజీతో పాటు నేనూ వచ్చా. మొదట్లో తెలుగువాళ్ళ పాట్‌లక్‌లకి వెళితే ఒకాయన డాక్టరు, ఇంకొకాయన ప్రొఫెసరు, మిగతావాళ్ళంతా ఇంజనీర్లు. "మీరేం చేస్తుంటారండీ?" అంటే "సుగుణ గారి భర్తనండీ" అనేవాణ్ణి. చాలాసేపటి వరకూ అది కూడా ఏదో పోస్టే అనుకునేవాళ్ళు.

పత్రోన్

అప్పుడు మాంట్రియల్‌లో ఉండేవాళ్ళం. మా వీధి చివర పాత చర్చికి పరంజా కట్టి పని చేస్తున్నారు. ఒకరోజు కూరగాయలకని వెళుతూ ఆగిపోయా. సున్నం వాసన. ఈ దేశం వచ్చిన తర్వాత ముక్కుకి తెలిసిన వాసన అదే మొదటిది. తొట్టి దగ్గరికి వెళ్ళి చిటికెడు సున్నపు మాలు తీసుకుని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డా. పైనుంచి ఒక ముసలాయన దిగి వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నా. నా వేళ్ళ వంక చూసి, తన చేతిలోని తాపీ నాకిచ్చి, గోడ చూపించాడు. అదే నా ఇంటర్వ్యూ. రెజ్యూమె అంటే ఏంటో నాకు తర్వాత మా అమ్మాయి చెప్పింది, అదీ ఇంగ్లీషులో.

ఆయన పేరు గస్తోన్. అక్కడ మేస్త్రీని పత్రోన్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. పుట్టింది ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో. చిన్నప్పుడే వాళ్ళ నాన్న కుటుంబాన్ని తీసుకుని ఓడెక్కి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. కానీ మధ్యాహ్నం డబ్బా తెరిస్తే చాలు, ఆ ఊరు బయటికొచ్చేది. రాజులు గుర్రాలమీద తిరిగిన కాలం నాటి ఊరు. లోపలికి వెళ్ళడానికి రాతి దర్వాజా, దాన్లో ఇనప కమ్మీల తలుపు పైనుంచి దించే గాడి. వీధికి రెండువైపులా కర్ర దూలాల ఇళ్ళు, ఒకదాని మీద ఒకటి ఒరిగి చెవిలో మాట చెప్పుకుంటున్నట్టు ఉంటాయట. మధ్యలో చర్చి. కోటగోడలంత మందం, కిటికీలు మాత్రం పిడికిలంత. స్తంభాల తలల మీద చెక్కిన మొహాలు, వాటిలో ఒకటి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తుందట.

"అది ఎవరి మొహం పత్రోన్?"

"ఆ రోజు కూలి తక్కువిచ్చిన ఫాదర్‌ది అయ్యుంటుంది."

ఆయన చెప్పగా చెప్పగా ఆ ఊళ్ళో నేను కళ్ళు మూసుకుని నడవగలిగేవాణ్ణి. నేను మా వైపు సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలుపుతారని చెబితే మాత్రం ఆయన నమ్మలేదు. "దవీద్, మీరు గోడ కడతారా, వంట చేస్తారా?" అనేవాడు. నా పేరు దావీదు.

ఫ్రెంచ్ నేను పరంజా మీదే నేర్చుకున్నా. మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో తిట్లన్నీ చర్చి సామాన్లే. బలిపీఠం మీది పెట్టె, ద్రాక్షరసం పాత్ర, అప్పం, అన్నీ తిట్లే. వేలి మీద సుత్తి పడినప్పుడు మావాళ్ళు వరసగా తిడుతుంటే చర్చి ఆస్తుల జాబితా చదివినట్టుండేది.

పని అంటే ఇంతే

మీరు కాలేజీలో త్రీడీ స్కాన్లు నేర్చుకుంటున్నారు. మంచిదే. పనిలో మాత్రం ముప్పాతిక భాగం మీకు ముందు వచ్చినవాడు పెట్టిన సిమెంటు తియ్యడమే.

పాత గోడలు సున్నంతో కట్టినవి. వాన పడితే రాయి తడుస్తుంది, ఆ తడి సందుల్లోని సున్నం గుండా బయటికి పోతుంది. తర్వాత ఎవరో వచ్చి, ఇది మెత్తగా ఉంది, బలంగా చేద్దామని సందులన్నీ సిమెంటుతో మూసేస్తాడు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. ఫోటో కూడా బావుంటుంది. కానీ లోపలి తడికి దారి పోయింది. చలికాలం అది గడ్డకట్టి ఉబ్బుతుంది. సిమెంటు కదలదు, రాయే పగులుతుంది. కొన్నేళ్ళకి రాళ్ళ మొహాలు పెచ్చులూడి, సిమెంటు గీతలు మాత్రం ఠీవిగా నిలబడి ఉంటాయి. మొగుడు చిక్కిపోయి పెళ్ళిబట్టలు మిగిలినట్టు.

సున్నం వేరు. దానికి తొందర పనికిరాదు. రోజుల తరబడి తడి గోనెపట్టాలు కప్పి, ఎండ తగలకుండా, మంచు తగలకుండా చూసుకోవాలి. పత్రోన్ ఒకటే మాట అనేవాడు: గట్టిపడటం వేరే, ఎండిపోవడం వేరే. ఎండిపోయిన సున్నం పిండి. గట్టిపడిన సున్నం రాయి. అది గాలి పీల్చుకుని నెలలకొద్దీ రాయవుతుంది. తెల్లారి మంచు పడే కాలం మొదలైతే పనిముట్లు కడిగి లోపల పెట్టేసేవాడు. ఎంత పెద్దమనిషి చెప్పినా మళ్ళీ వసంతం దాకా ముట్టుకునేవాడు కాదు.

దీనివల్ల మాకు పోయిన కాంట్రాక్టులు చాలా ఉన్నాయి. అది పక్కన పెట్టండి. దీనివల్ల ఒక మనిషికి జరిగింది చెబుతా.

సెసీల్

పెద్ద నది ఒడ్డున ఒక ఫ్రెంచ్ పల్లె. పేరు రాయను. ఊరికంతా ఒక వీధి, ఒక జున్ను దుకాణం, ఒక చర్చి. ఫ్రాన్సు నుంచి వచ్చిన మొదటి తరాలవాళ్ళు తమ ఊళ్ళో చర్చి ఎలా ఉండేదో గుర్తున్నంత మేరకు కట్టుకున్నారు. గుర్తు లేనిచోట కొట్టాం లాగా కట్టారు. నాకు ఆ కట్టడం చాలా ఇష్టం.

గంట గోపురం మీద రాళ్ళు రాలుతున్నాయని చర్చి మూసేసి మమ్మల్ని పిలిచారు. ఎక్కి చూస్తే అనుకున్నదే. నలువైపులా సిమెంటు. లోపల రాయి అటుకుల్లా పొరలు విడిపోతోంది. పైవరసలన్నీ విప్పి, రాళ్ళు మార్చి, సున్నంతో మళ్ళీ పేర్చాలి. గంటని దూలానికి గొలుసులతో కట్టేశాం. తాడు విప్పి చుట్ట చుట్టి కింద మూల పెట్టాం.

ఆ తాడు తన చేతికివ్వమని ఒకావిడ వచ్చింది. సెసీల్. ఎనభై దాటింది, ఎండుకట్టెలా ఉండేది. ఆ ఊళ్ళో ఎవరన్నా పోతే గంట కొట్టడం ఆవిడ పని. అంతకుముందు వాళ్ళ నాన్నది. మగవాళ్ళు పోతే మూడేసి దెబ్బలు, ఆడవాళ్ళు పోతే రెండేసి. పొలంలో ఉన్నవాళ్ళు లెక్కపెట్టుకుని టోపీ తీసేవాళ్ళు. భర్తకీ, అక్కకీ, నది మీద మంచు విరిగి మునిగిపోయిన కొడుక్కీ ఆవిడే కొట్టింది.

"మదామ్, తాడు ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు?" అన్నా.

"ఇక్కడుంటే మీరు దాంతో సిమెంటు బస్తాలు లాగుతారు."

"మా దగ్గర సిమెంటు లేదు మదామ్."

"అయితే నువ్వు మంచివాడివి. సూపు తాగుతావా?"

అప్పట్నుంచి ఎండాకాలమంతా బఠాణీ సూపు గిన్నెతో వచ్చేది. కారం లేదని నేను జేబులోంచి ఎండుమిరప్పొడి తీసి చల్లుకునేవాణ్ణి. ఒకసారి ఆవిడా అడిగి వేసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, "ఎవరన్నా పోయారా అనుకుంటారు ఊళ్ళో" అని నవ్వింది.

ఒకరోజు భోజనాలప్పుడు అడిగా, గంట కొట్టడంలో నేర్చుకోవడానికి ఏముంటుంది, లాగితే మోగదా అని. ఆవిడ గిన్నె కింద పెట్టి లేచింది. తాడు లేదు. ఉత్తచేతులతో గాలిలో పట్టుకుని చూపించింది.

"లాగకు. లాగితే అది నిన్ను లాగుతుంది. ముందు అడుగు. వస్తానన్నప్పుడు రానివ్వు. ఇదుగో, ఇప్పుడు. మళ్ళీ ఆగు. చచ్చిపోయినవాళ్ళకి తొందరేముంది?"

పక్కన నిలబడి నేనూ గాలిలో లాగా. మావాళ్ళు చూసి పడీ పడీ నవ్వారు. ఆవిడ మాత్రం నా మోచెయ్యి పట్టుకుని సరిచేస్తూ, అరగంట వదల్లేదు.

మొదటి మంచు

అక్టోబరులో ఒక పొద్దున గోనెపట్టాలు బిరుసుగా, రేకుల్లా ఉన్నాయి. పత్రోన్ వాటిని ముట్టుకుని చూసి, పనిముట్లు కడగమన్నాడు. గోపురం సగమే అయింది.

ఆ మధ్యాహ్నం సెసీల్ వచ్చింది. చేతిలో గిన్నె లేదు.

"ముస్యో గస్తోన్, గంట ఎప్పుడు మోగుతుంది?"

"వచ్చే వేసవిలో పైన రాళ్ళు పెట్టేస్తాం మదామ్. అక్కణ్ణుంచి సున్నం గట్టిపడాలి. మళ్ళీ ఇదే రోజులకి."

"డాక్టరు నన్ను కొత్త క్యాలెండర్ కొనొద్దన్నాడు."

ఆవిడే మళ్ళీ అంది.

"ఊళ్ళో అందరికీ కొట్టాను. నాకు కొట్టకుండా పోతే మా నాన్న అక్కడ నన్ను రానివ్వడు. ఎక్కువ అడగట్లేదు. ఒక్క పూట మోగితే చాలు."

చర్చి కమిటీ పెద్ద కూడా ఆవిడ వెనకాలే వచ్చాడు. గోపురానికి టెంటు కట్టి హీటర్లు పెడదాం, పైన నాలుగు వరసలూ సిమెంటుతో కానిచ్చేద్దాం, క్రిస్మస్‌కి గంట మోగుతుంది, ఆవిడ చెవులతో వింటుంది అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆవిడ మీద ప్రేమతోనే అన్నాడు.

పత్రోన్ "కుదరదు" అన్నాడు. అంతే. తాపీ తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం ట్రక్కులో నేను ఊరుకోలేకపోయా. "పత్రోన్, నాలుగు వరసలు. మనం తర్వాత వచ్చి తీసేద్దాం. ముసలామె చచ్చిపోతోంది."

"సిమెంటు తీస్తే రాయి కూడా వస్తుంది. నీకు తెలుసు."

"రాయికి ఉన్న విలువ మనిషికి లేదా?"

ఆయన బండి పక్కకి ఆపాడు. తర్వాత బండి వెనక్కి తిప్పాడు.

సెసీల్ వంటింట్లో దీపం వెలుగుతోంది. తాడు చుట్ట పొయ్యి పక్కన కుర్చీలో, మనిషిని కూర్చోబెట్టినట్టు ఉంది. పత్రోన్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడే చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఆ ఊరి దర్వాజా చెప్పినవాడు, వెక్కిరించే మొహం చెప్పినవాడు, ఇది మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు.

వాళ్ళ ఊరి చర్చి గోపురం వందల ఏళ్ళు చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని రిపేర్ చేసే పని వాళ్ళ నాన్నకి వచ్చింది. ఊరి పండగ దగ్గరపడింది. గంట మోగాల్సిందే అని ఊరి పెద్దలు పట్టుబట్టారు. సున్నం ఇంకా పచ్చిగా ఉందని ఆయనకి తెలుసు. అందరూ తెలిసినవాళ్ళే, కాదనలేకపోయాడు. పొద్దుటి నుంచీ గంటలు కొట్టారు. సాయంత్రానికి గంటల కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దాకా గోపురం నిలువునా పగిలింది. ఎవరికీ ఏం కాలేదు. పడిపోనూ లేదు. కానీ ఆ రోజు నుంచీ ఊళ్ళోవాళ్ళు పగులు వంక చూసి, తర్వాత వాళ్ళ నాన్న వంక చూసేవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు.

"ఏదన్నా అనుంటే ఉండిపోయేవాడేమో" అన్నాడు పత్రోన్. "ఆ చూపులకే ఓడెక్కాం."

సెసీల్ కుర్చీలోంచి తాడు తీసి, ఆయన్ని కూర్చోమంది.

"సరే. మీ సున్నాన్ని తొందరపెట్టొద్దు. ఎలాగూ చలికాలంలో పోతే నన్ను వెంటనే పాతరు కదా. నేనూ ఆగుతా."

తర్వాత నా వంక తిరిగి, తాడు నా చేతుల్లో పెట్టింది. "రెండేసి దెబ్బలు. గుర్తుందా?"

"గుర్తుంది మదామ్."

"లాగకు."

చలికాలపు ఇల్లు

ఆవిడ అన్నమాట మీకు అర్థం కావాలంటే ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళల్లో చలికాలం నేల రాయిలా గడ్డకడుతుంది, గునపం దిగదు. అందుకని శ్మశానం పక్కన కిటికీల్లేని చిన్న రాతి ఇల్లు ఒకటి ఉంటుంది. చలికాలంలో పోయినవాళ్ళని పెట్టెలతో సహా దాన్లో ఉంచి, నేల కరిగాక వసంతంలో పాతిపెడతారు. మొదటిసారి విన్నప్పుడు నేను భయపడ్డా. తర్వాత ఆలోచిస్తే, తాపీ పనివాళ్ళకీ చచ్చిపోయినవాళ్ళకీ అక్కడ ఒకటే సెలవులు.

సెసీల్ ఫిబ్రవరిలో పోయింది. చర్చి మూసి ఉంది కాబట్టి ఊరి హాల్లో ప్రార్థన చేశారు. బింగో ఆడే హాలు. గోడకి నెంబర్ల బోర్డు అలాగే ఉంది. పత్రోన్, నేను మంచులో ట్రక్కేసుకుని వెళ్ళాం. పెట్టెని ఆ రాతి ఇంట్లోకి తీసుకెళ్ళేటప్పుడు పత్రోన్ అలవాటు కొద్దీ గుమ్మం పక్క సందులో గోటితో గీరి చూశాడు. సున్నమే. "బావుంది" అన్నాడు మెల్లగా.

మే నెలాఖర్లో పాతిపెట్టారు. అప్పటికి మేం మళ్ళీ గోపురం మీద ఉన్నాం. పరంజా మీద వరసగా టోపీలు తీసి నిలబడ్డాం. గంట మా వెనకాలే, గొలుసులు కట్టించుకుని ఉంది. చెయ్యి చాపితే తగులుతుంది. కింద ఆవిడ మేనకోడలు, పాపం, మనసొప్పక ఫోన్‌లో ఏదో గంటల శబ్దం వెతికి చిన్న స్పీకర్లో పెట్టింది. ముందు ఇన్సూరెన్స్ యాడ్ వచ్చింది. అది అయిపోయేదాకా అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు.

నాకు జోకులు వెయ్యడం అలవాటు. ఆ రోజు ఎవరన్నా వేస్తారేమోనని భయపడ్డా.

పత్రోన్ చేసింది రైటా? హారిక అడుగుతుందని తెలుసు. గోడ విషయంలో రైటు. సెసీల్ విషయంలో, నాకు తెలియదు. ఆవిడ ఒప్పుకుంది నిజమే. అలాంటి మనిషి ఇంకేం చేస్తుంది? చెవులతో వినాల్సిన గంట వినకుండా వెళ్ళిపోయింది. మన పనిలో ఇలాంటివి వస్తాయి. రెండువైపులా నిజమే ఉంటుంది, మీ చేతిలో ఒక్క తాపీ ఉంటుంది. ఏది చేసినా రాత్రి నిద్ర సరిగా పట్టదు. పడితే అనుమానించుకోండి.

ఆ పగులు

కాస్త ముందుకెళ్ళి చెబుతా. పత్రోన్ పోయిన కొన్నేళ్ళకి, సుగుణ రిటైర్ అయిన ఏడాది, ఇద్దరం ఫ్రాన్సు వెళ్ళి ఆ ఊరు చూసొచ్చాం. బస్సు దిగి దర్వాజా దాటగానే సుగుణకి దారి నేనే చెప్పా. ఇటు తిరిగితే కర్ర ఇళ్ళు, అటు పోతే బావి, ఇక ఎదురుగా చర్చి. "ఎప్పుడొచ్చావ్ ఇక్కడికి?" అంది. "రోజూ మధ్యాహ్నం" అన్నా.

అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. నాలుక బయటపెట్టిన మొహం కూడా. రాళ్ళ మీద చెక్కినవాళ్ళు ఎవరి గుర్తు వాళ్ళు గీసుకున్నారు, బాణం, నక్షత్రం, చేప. మా పల్నాట్లో రాళ్ళు కొట్టేవాళ్ళూ అలాగే గీసుకునేవాళ్ళు.

పగులు ఉంది. గంటల కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దాకా. సున్నంతో పూడ్చారు. చర్చి తాళాలు చూసుకునే ఒక పెద్దావిడ పూలకి నీళ్ళు పోస్తోంది. అడిగా, ఈ పగులు ఎలా వచ్చిందమ్మా అని.

ఆవిడ తలెత్తి, ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించనట్టు చూసింది.

"అదా? కట్టినప్పట్నుంచీ ఉందండీ."

ఎదురుగా మెట్ల మీద కూర్చుండిపోయా. ఆ పగులుకి ఒక కుటుంబం దేశం వదిలింది. ఒక మనిషి జీవితాంతం సున్నానికి కాపలా కాశాడు, ఒక ముసలామె గంట వినకుండా పోయింది. ఆ ఊరికి మాత్రం గుర్తే లేదు. సుగుణ పక్కన కూర్చుని, "ఆయన రాకపోవడమే మంచిదైంది" అంది. నేను మాత్రం ఆయన వచ్చి ఈ మాట వినుంటే బావుండేది అనుకున్నా. ఇప్పటికీ ఈ విషయంలో మాకు పొసగదు.

అక్టోబరు

సెసీల్ వాళ్ళ చర్చి ఇప్పుడు ఏమైందో ముందే చెప్పేస్తా, ఆఖర్న చెప్పడం నావల్ల కాదు. మేం పని పూర్తిచేశాక ఎక్కువ రోజులు నడవలేదు. ఫాదర్ చాలా ఊళ్ళకి ఒక్కడే, రావడం మానేశాడు. కమిటీ అమ్మేసింది. ఇప్పుడు లోపల ఎవరో చలికాలం పడవలు దాచుకుంటున్నారు. గోపురం మాత్రం తూకపు గుండు వేసి చూసినా వెంట్రుక వాసి పక్కకి లేదు. గంట పైనే ఉంది. కొట్టేవాళ్ళు లేరు.

వెనక్కి వస్తే, సెసీల్‌ని పాతిపెట్టిన ఏడాదే ఆగస్టులో గోపురం అయిపోయింది. గొలుసులు విప్పి, పరంజా దింపి వచ్చేశాం. గంట జోలికి వెళ్ళలేదు. అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటి కింద హారన్ కొట్టాడు. కిటికీలోంచి చూస్తే ట్రక్కు. కోటు వేసుకున్నాడు.

"తాడు తెచ్చుకో" అన్నాడు.

ఊళ్ళోకి వెళ్ళి తాళం అడిగి తీసుకున్నాం. ఆయన ముందు పైకెక్కి, ప్రతి సందులోనూ గోటితో గీరుకుంటూ, ఒక్కొక్క రాయీ చూసుకుంటూ చాలాసేపు ఉన్నాడు. నేను తాడు కట్టి కిందకి వదిలా. దిగొచ్చి గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి, తల ఊపాడు.

తాడు పట్టుకున్నా. లాగలేదు. అడిగా. మొదటిసారి రాలేదు, రెండోసారీ రాలేదు. మూడోసారి పైన ఏదో బరువుగా కదిలింది, రానిచ్చా. రెండు దెబ్బలు. ఆగా. మళ్ళీ రెండు.

ఆ ఊళ్ళో గంట మోగి అప్పటికి చాలా కాలమైంది. ఇళ్ళల్లోంచి జనం ఒక్కొక్కరే బయటికొచ్చారు. చెప్పులతో, వంటింటి ఏప్రాన్లతో. రెండేసి దెబ్బలు కాబట్టి ఆడమనిషి అని తెలిసింది, ఎవరింట్లోనో అని ఒకరి గుమ్మం వంక ఒకరు చూసుకుంటున్నారు. ఒక ముసలాయన లోపలికి వచ్చి పత్రోన్‌ని అడిగాడు.

"ఎవరు పోయారు?"

"సెసీల్."

ఆయన అర్థం కానట్టు చూశాడు. "సెసీల్ చలికాలంలోనే పోయింది కదా ముస్యో."

"అవును" అన్నాడు పత్రోన్. "సున్నం ఇప్పుడు గట్టిపడింది."

ముసలాయన టోపీ తీసి, తలుపు పక్కన నిలబడ్డాడు. వాకిట్లో ఉన్నవాళ్ళకి ఆయన ఏం చెప్పాడో వినపడలేదు, అందరూ శ్మశానం వైపు తిరిగారు.

కొట్టాల్సినవన్నీ కొట్టి తాడు వదిలేశా. గంట వెంటనే ఆగలేదు, దానంతటది ఇంకాసేపు ఊగింది. అది పూర్తిగా ఆగేదాకా పత్రోన్ గోడ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.